పేరు రాయని పేజీ

పదకొండేళ్ల వయసులో డార్సీ తన తండ్రి చేస్తున్న పాడుపని గురించి టీచరుకు చెప్పింది. అతన్ని జైల్లో వేశారు. అంతవరకు న్యాయమే. విడుదలయ్యాక ఊరి పిల్లల క్షేమం కోసమని, అక్కడి చట్టం ప్రకారం, పోలీసులు అతని ఫొటో, చిరునామా, చేసిన నేరం ఇంటర్నెట్లో పెట్టారు. డార్సీ పేరు మాత్రం రాయలేదు, ఎంత మర్యాదో చూడండి. బాధితురాలు కూతురు, వయసు పదకొండు అని రాసి ఊరుకున్నారు. అతనికున్నది ఒక్కతే కూతురు. హైస్కూల్లో ఆ పేజీ చూడనివాళ్లు లేరు. భోజనాల బల్ల దగ్గర ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. ఇలా అవుతుందని తెలిస్తే ఆ రోజు నోరు విప్పేదాన్నే కాదని డార్సీ ఎన్నోసార్లు అనుకుంది.

ఇప్పుడామె ఒహైయోలోని ఆ ఊళ్లోనే సెలూన్ నడుపుతోంది. ఎవరూ ఆ మాట ఎత్తరు. కానీ ఆమెతో మాట్లాడేటప్పుడు అందరి గొంతూ కాస్త మెత్తబడుతుంది. ఆ మెత్తదనమంటేనే ఆమెకు ఒళ్లు మంట.

పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగే హాలోవీన్ పండుగ దగ్గరపడిన రోజుల్లో, ఊరికి కొత్తగా వచ్చిన లిండ్సే జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. కుర్చీలో కూర్చుంటూనే సంచిలోంచి ఆ పేజీ నకళ్లు తీసింది.

"ఒకటి మీ కిటికీకి అంటించండి. పిల్లలు చాక్లెట్ల కోసం వీడి తలుపు తట్టకూడదు. సొంత కూతుర్నేనండీ, దరిద్రుడు."

డ్రయ్యరు కింద కూర్చున్న ముసలి వెల్మా చేతిలోని పత్రికలో తల దూర్చేసింది.

"ఇంతకీ ఆ పిల్ల ఏమైందో, పాపం," అంది లిండ్సే.

డార్సీ కత్తెర ఆపలేదు.

"మీ జుట్టు కత్తిరిస్తోంది. తల కదపకండి."