బొట్టు పెట్టి పిలిచిన పంతులమ్మ

రాసుకో బిడ్డా, మరిచిపోకముందే చెప్తా. మీ అమ్మ చొప్పదండిలో నాలుగో తరగతి చదివేటప్పుడు విదేశం నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక, జీవితంలో మొదటిసారి పాఠం చెప్పడానికి అంత దూరం వచ్చింది. ఎవరింటికి వచ్చినా చేతులు జోడించి, "కొత్తదాన్ని, జర నేర్పుండ్రి" అనేది. బియ్యం చెరగడం కూడా మా దగ్గరే నేర్చుకుంది.

నాలుగో తరగతి అయిపోగానే మేము ఆడపిల్లలను బడి మాన్పించేవాళ్లం. అది ఆపాలని ఆమె ఆరాటం. మాట్లాడదాం రమ్మని తల్లులకు చిట్టీలు పంపింది. ఎవరమూ పోలేదు.

ఒకరోజు పొద్దున కుంకుమ భరిణె పట్టుకుని మా గడపలో నిలబడింది. పెళ్లికి ఇట్లా పిలవడం ఎక్కడో చూసిందట. భర్త లేనామె బొట్టు పెట్టకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా అత్త మంచం మీద నుంచి చూస్తోంది. అయినా నుదురు ముందుకు వంచాను. బొట్టు పెట్టి, మధ్యాహ్నం బడికి రమ్మంది.

ఆమె పక్కింటి గడపకు పోయాక అత్త లేచింది. తిడుతుందనుకున్నాను.

"ఏం జూస్తున్నవే? బొట్టు పెట్టి పిలిచినంక పోకుంటే ఎట్ల? పట్టుచీర తియ్యి."

"బడికి పట్టుచీర ఏందత్తా?"

"పిలుపు పిలుపే. నాది గూడ తియ్యి."

మధ్యాహ్నానికి బడి వరండా నిండా పట్టుచీరలే. పంతులమ్మకు మమ్మల్ని కూర్చోబెట్టడానికి చాపలు చాలలేదు. మీ అమ్మ లేచి పాఠం తడబడకుండా చదివింది. అత్త పక్కనున్న ఆమెను మోచేత్తో పొడిచి, వరండా అంతా వినేటట్టు చెప్పింది.

"గా పిల్ల మా మన్మరాలే. వచ్చే యేడు ఐదుల కూసుంటది."