మెడకి తెల్ల పట్టీ

ఉత్తరాదిన సిపాయిలు తిరగబడ్డ రోజులవి. పోలవరం పైన కొండల్లో కూడా మన్యంవాళ్లు తుపాకులు పట్టేరు. వాళ్ల మీదికి వెళ్లే కుర్రదొరలు కపిలేశ్వరపురం రేవులో గుడారాలు వేసుకుని ఉండేవారు. వాళ్లింకా పూర్తి దొరలు కారు, పని నేర్చుకుంటున్నవాళ్లు. ఆ గుర్తుగా ఎర్రకోటు మెడకి తెల్ల పట్టీ ఉండాలి. నేర్చుకోవడం పూర్తయితే దాన్ని విప్పి జరీ కుట్టాలి. రెండూ ఊళ్లో దర్జీ ధర్మరాజు పనే.

జరీ కుట్టే అవసరం ఒక్కసారీ రాలేదు.

వెళ్లిన పడవల్లో కోట్లు మాత్రం మూటగా తిరిగొచ్చేవి. చిల్లులు పూడ్చి కొత్తవాళ్లకి ఇమ్మనేవారు. ఒకరోజు అతని భార్య వీరాయమ్మ మూట విప్పుతూ ఆగిపోయింది.

"చూసేరా? చిల్లులన్నీ మెడ దగ్గరేనండీ."

అడవి నీడలో కూడా తెల్లబట్ట కనిపిస్తుంది. ధర్మరాజు ఆ మాట పైకి అనలేదు. అంటే ఎవరికి మేలో, ఎవరికి చేటో అతనికి తేలలేదు.

అతని తమ్ముడు ముత్యాలరాజు కులపని నచ్చక ఆ పడవల మీద గడ వేసేవాడు. ఓ మధ్యాహ్నం ఎర్రకోటు తొడుక్కుని నవ్వుతూ వచ్చేడు. మెడకి తెల్ల పట్టీ.

"బాగుందా అన్నయ్యా? కుర్రదొరగారే ఇచ్చేరు. రేపు పడవ ముందు నిలబడాలంట."

"మరి ఆయన?"

"నా కంబళి కప్పుకుని వెనకాల కూర్చుంటారంట."

ధర్మరాజు చిల్లుల సంగతి చెప్పేడు. తమ్ముడి నవ్వు పోయింది.

"వెళ్లనంటే పటాలం దఫేదారు తోలు వలుస్తాడు అన్నయ్యా."

ధర్మరాజు ఆ పట్టీ కోసేసేడు. సాయంత్రం దఫేదారు ఇంటికొచ్చి అది చూసేడు.

"ఎవరు తీసేరు?"

"నేనేనండీ. మాసిందని..."

"నా ఎదురుగా కుట్టు."

"ఆయ్."

వీరాయమ్మ సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది. లాగితే ఊడేలా పొడుగు కుట్లు వేసేడు. మెడ సర్దుతున్నట్టు వంగి, "పోలవరం దాటగానే లాగి పారెయ్యి" అన్నాడు తమ్ముడి చెవిలో.

ముత్యాలరాజు అలాగే లాగేడు. వెనకనుంచి కుర్రదొర పిస్తోలు గురిపెట్టి మళ్లీ కట్టుకోమన్నాడు. ముత్యాలరాజు వరద గోదాట్లోకి దూకేడు. ఇదంతా తోటి పడవవాళ్లు వచ్చి చెప్పేరు. అతను తేలడం ఎవరూ చూడలేదు.

పై దొరలు మాత్రం మన్యంవాళ్లలో కలిసిపోయేడన్నారు. ఇంటికొస్తే పట్టుకోవాలని ధర్మరాజు గుమ్మం ముందు సిపాయిని పెట్టేరు. కర్మ చేద్దామంటే, చచ్చేడని ఎవరు చూసేరని సిపాయి అడిగేవాడు. వాకిట్లో ఏ అలికిడైనా ముత్యాలరాజు భార్య సూర్యావతి లేచి నిలబడేది, ఆమె వెనకే సిపాయీ లేచేవాడు.

వరద నీరు తీసేక గోదారి లంకలో గడ్డి కోసేవాళ్లకి ఎముకలు దొరికేయి. వేలి రాగి ఉంగరం సూర్యావతి గుర్తుపట్టింది. సిపాయి చూస్తుండగానే ధర్మరాజు కర్మ చేసేడు. తర్వాత ఇద్దరాడవాళ్లనీ తీసుకుని పలివెల వెళ్లిపోయి, సూది వదిలేసి కూలికి చేలో దిగేడు. పొలం గట్టు మీద పరాయిమనిషి ఎవరు నడిచొచ్చినా, దొరల మనిషేమోనని చూస్తూ, వాళ్లు దాటిపోయేదాకా నడుం వంచేవాడు కాదు.