దేవదాసు ముక్కు, కాలువ విహారం

దేవదాసు దేన్నయినా వాసన చూడకుండా నోట పెట్టడు. ఈ అలవాటు ఎప్పుడు పుట్టిందన్న విషయంలో ఆ కుటుంబంలో రెండు వాదాలున్నాయి. పెళ్ళయిన మూడోనాడు కాఫీ పాలగిన్నె మీదికి ముక్కు వంచడంతో ఆ యుగం ఆరంభమైందని ఆయన భార్య లీలావతి అంటుంది. అంతకు ముందే, పెళ్ళికి అద్దె కోటు తెచ్చినప్పుడు చంకలు వాసన చూసి తిప్పి పంపాడని ఆయన చెల్లెలి సాక్ష్యం. ఈ వివాదం ఇంకా తేలలేదు. తేలిందల్లా ఒకటే: గడిచిన ముప్ఫయ్యొక్క ఏళ్ళలో పాలు గానీ, తువ్వాళ్ళు గానీ, చుట్టాలు పంపిన అరిసెలు గానీ ఆయన ముక్కు అనుమతి లేకుండా ఆ ఇంట్లో చెల్లలేదు. ఒకసారి పాస్టరు గారింట్లో వడ్డించిన బిర్యానీని కూడా, ప్రార్థన ముగిసేలోపు, అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు కదాని వాసన చూశాడు. పాస్టరమ్మ గారు కళ్ళు కాస్త ముందుగా తెరిచారు. ఆ ఇంటి నుంచి మళ్ళీ పిలుపు రాలేదు.

ఇంతటి ముక్కుకి తగిన కొలువే దొరికింది. కుందలహళ్ళిలో ఆరు వందల ఫ్లాట్ల అపార్టుమెంటొకటి ఉంది. దాని అడుగున మురుగునీరు శుద్ధిచేసే ప్లాంటుకి దేవదాసు ఆపరేటరు. ఆరు వందల కుటుంబాలు పొద్దున్నే వదిలించుకున్నదంతా ఆయన సన్నిధికి చేరుతుంది. దానికి గాలి కొట్టి, మడ్డి తీసి, తేటపరిచి, మిగిలిన నీళ్ళను ట్యాంకర్ల వాళ్ళకు పోస్తారు. మీటరు అబద్ధమాడవచ్చు గాని ముక్కు ఆడదని, కొత్తగా చేరినవాళ్ళకు ఆయన గంభీరంగా బోధిస్తుంటాడు.

లీలావతి నర్సు. ముప్ఫై నాలుగేళ్ళు వార్డుల్లో నడిచి నడిచి, పోయిన నెలలో రిటైరయింది. సన్మానంలో శాలువా కప్పి ఏం కావాలని అడిగితే, నెమ్మదిగా కదిలే దేనిమీదైనా ఒక పూట ఊరికే కూర్చోవాలని ఉందని చెప్పింది. అందరూ నవ్వారు. తోటి నర్సు సమీనా మాత్రం నవ్వలేదు. ఊరికి తూర్పున, గంట ప్రయాణంలో, కొత్తగా వెలిసిన రిసార్టులో కాలువ విహారం ఉందనీ, బల్లకట్టులాంటి పంటు మీద కూర్చోబెట్టి మూడు గంటలు తిప్పుతారనీ, దారంతా చూడదగ్గ వింతలేననీ కనుక్కుని వచ్చింది. ముగ్గురికీ టిక్కెట్లు తీశారు. దేవదాసుకి ఒక షరతు పెట్టారు.

"వాసనని ఒక్క మాటన్నారంటే నేనక్కడే దిగిపోతానండీ. ఇంటిక్కూడా మీతో రాను," అంది లీలావతి, చీరకి పిన్ను పెట్టుకుంటూ. గొంతు పెంచకుండా అంది. అందుకే ఆయనకి భయమేసింది.

పంటు బయలుదేరింది. తాబేలుకి తెలిస్తే గర్వపడే వేగం. నడిపే పెద్దమునియప్పది ఆ ఊరే. వింతల్ని చూపించే బాధ్యత కూడా అతనిదే. మొదటి వింత, సిమెంటు గాలిమర. తిరగదు. రెండో వింత, నాలుగు సిమెంటు హంసలు. వాటి తలల మీద కాకులు తమ అభిప్రాయం తెల్లగా రాసి పోయాయి. మూడోది విదేశీ తరహా వంతెన, సగమే కట్టారు. వీటి మధ్య కాలువ ఉంది. నీళ్ళు పాచిపట్టిన పెసరపప్పు కట్టులా ఉన్నాయి. అంచుల్లో బూడిదరంగు నురగ. నడిమధ్య నుంచి అప్పుడప్పుడూ ఒక బుడగ తీరుబడిగా పైకి వచ్చి, ఉబ్బి, పగిలి, లోపల దాచుకున్నది నలుగురికీ పంచుతోంది.

దేవదాసు మొదట నోటితో ఊపిరి పీల్చాడు. నాలుక మీద రుచి తగిలేసరికి మానేశాడు. తరవాత జేబురుమాలు అడ్డం పెట్టుకుని ప్రార్థనలో ఉన్నట్టు తల వంచాడు. లీలావతి మాత్రం చెప్పులు విడిచి, కాళ్ళు చాపి, హంసల్ని చూస్తోంది. అంతలో మిరపకాయ బజ్జీలు వచ్చాయి. పంటు పక్కనే ఒక పెద్ద బుడగ పగిలింది. ఒక పచ్చటి చుక్క వచ్చి ఆయన బజ్జీ మీద వాలింది.

ఆయన లేచి నిలబడ్డాడు.

"లీలా, నన్ను క్షమించు. ఇది కాలువ కాదు, మురుగు. గాలి కొట్టలేదు, మడ్డి తియ్యలేదు. పదహారేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, నాకు తెలుసు. దీన్ని పంపినవాడికి పని రాదు, సిగ్గూ లేదు."

అప్పటిదాకా సర్దుకుని కూర్చున్న తోటి ప్రయాణికులు పదిమందీ, నిపుణుడే చెప్పాక, ఒక్కసారిగా ముక్కులు మూసుకున్నారు. వెనక్కి తిప్పమన్నారు. లీలావతి చెప్పులు తొడుక్కుని, హ్యాండుబ్యాగు భుజాన వేసుకుని, తనని ఒడ్డున దించమంది.

"యాడ దించేదమ్మా? ఈ పక్క గోడ ఉండాది, ఆ పక్క ముళ్ళకంచె ఉండాది," అని పెద్దమునియప్ప దేవదాసు వైపు తిరిగాడు. "నీళ్ళు మావి గాదప్పా. ట్యాంకర్లో వస్తాయి, చీటీ గూడా ఇస్తారు. నాకు ఇంగిలీసు రాదు. సదువుకున్నోడివి, ఎవురు పంపినారో నువ్వే సదివి చెప్పు. ఈ పొద్దే పోయి అడుగుదాం."

చీటీలు అతని పక్కన మేకుకి గుచ్చి ఉన్నాయి. దేవదాసు పైచీటీ లాగి, కళ్ళజోడు పెట్టుకుని, తీర్పు చదవబోయే జడ్జీలా గొంతు సవరించుకున్నాడు. నిన్నటి తేదీ. కుందలహళ్ళి అపార్టుమెంటు ప్లాంటు. వాసన: లేదు. కింద సంతకం.

గొంతు మళ్ళీ సవరించుకున్నాడు.

"ఎవురప్పా?"

"సంతకం అర్థం కావట్లేదు."

లీలావతి చెయ్యి చాచి చీటీ తీసుకుంది. పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద పదిహేనేళ్ళు చూసిన సంతకం అది. చీటీని నాలుగు మడతలు పెట్టి, బ్యాగులో వేసి, జిప్పు లాగింది. మళ్ళీ చెప్పులు విడిచి కూర్చుంది.

"వెనక్కి తిప్పొద్దన్నా. మావారు ఇందాక సరిగ్గా చూసినట్టు లేరు. ఇంకోసారి చూస్తారు."

"సూడప్పా," అన్నాడు పెద్దమునియప్ప.

పదిమందీ ముక్కులు పట్టుకునే చూస్తున్నారు. దేవదాసు పంటు అంచున మోకాళ్ళూని, నీళ్ళ మీదికి వంగి, గుండె నిండా పీల్చాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"వాసన లేదు," అన్నాడు.

నిపుణుడి మాట కాబట్టి జనం ముక్కులు వదిలారు. పంటు సాగింది. లీలావతి మూడు గంటలూ కాళ్ళు చాపుకునే కూర్చుంది. సమీనాతో కలిసి హంసల్ని రెండుసార్లు లెక్కపెట్టింది. దేవదాసు తన బజ్జీ వాసన చూడకుండా తినేశాడు.

ట్యాంకరు చీటీల పుస్తకంలో వాసన గడినీ, కింద సంతకాన్నీ దేవదాసు ప్రతి నెలా ఒకటో తారీఖునే పుస్తకం మొత్తానికీ నింపేస్తాడు.