వెలిచ్కో బాబాయ్ కొత్త అడ్రసు

వెలిచ్కోకి ఏ ఈమెయిలూ నచ్చదు. మిగతా అన్నిటికీ సర్దుకుపోయే మనిషే. మాడిన బనిత్సా రొట్టె పెట్టినా బాగుందని తినేస్తాడు. ఈమెయిల్ దగ్గరే ఆయనకు పట్టింపు. ఒక కంపెనీలో అడ్రసు తెరవడం, కొన్నాళ్లు వాడి లోపం కనిపెట్టడం, మరో కంపెనీకి మారడం. రేడియోల మరమ్మతు మానేశాక ప్లోవ్‌దివ్ నగరంలో ఆయన చేసిన ఉద్యోగం అదొక్కటే.

మారితే మారాడు, ఆ సంగతి ఫోన్లో చెప్పడు. తనుండే భవనంలో గడప గడపకూ వెళ్లి నోటితో చెప్పాల్సిందే.

మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే రలీత్సా దీనితో విసిగిపోయింది. పళ్ల డాక్టరు దగ్గర రోజంతా ఫోన్లెత్తి, ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే తలుపు చప్పుడయ్యేది.

“అమ్మాయ్, పాత అడ్రసు కొట్టేసుకో.”

“మొన్ననేగా మార్చారు బాబాయ్. దానికేమొచ్చింది?”

“తమ్ముడికి మోకాళ్ల నొప్పుల గురించి రాశాను. పక్కనే మోకాలి పట్టీ ప్రకటన వచ్చి కూర్చుంది. నా ఉత్తరాలు చదువుతున్నారు.”

“అంతకుముందు దాన్లో ఎవరూ చదవరన్నారుగా?”

“నిజమే, ఎవరూ చదవరు. పాస్‌వర్డ్ మరిచిపోయాక నన్నూ చదవనివ్వలేదు.”

ఆ మాట చెబుతూనే లోపలికొచ్చి, కారే కుళాయి బిగించి, కాఫీ తాగి, కప్పు కడిగి వెళ్లేవాడు.

ఓ ఆదివారం రలీత్సా తేల్చేసింది. “మీ పేరుతోనే సొంత అడ్రసు తీసుకుందాం బాబాయ్. వెనక దాన్ని నడిపే కంపెనీని మార్చుకున్నా అడ్రసు మారదు. ఇక మీరు ఎవరికీ చెప్పే పనుండదు.”

వెలిచ్కో కాఫీ కప్పు కింద పెట్టాడు.

“ఎప్పటికీ మారదా?”

“ఎప్పటికీ.”

“మంచిదేనమ్మా.”

రలీత్సా అప్పటికప్పుడే తన కంప్యూటర్లో ఆ అడ్రసు తెరిచిపెట్టింది. ఆ తర్వాత తలుపు చప్పుడు కాలేదు. మొదట్లో హాయిగానే ఉంది. తర్వాత కుళాయి మళ్లీ కారసాగింది.

చలికాలంలో ఒకరోజు కింది అంతస్తు స్టమెనా బామ్మ ఇంట్లోంచి ఆగని దగ్గు వినిపించి రలీత్సా లోపలికెళ్లింది. ముసలావిడ జ్వరంతో మూలుగుతోంది. మందులు తెచ్చి, సూప్ కాచి తాగించాక బామ్మ అడిగింది.

“వెలిచ్కో రావడం మానేశాడేం పిల్లా? అడ్రసు చెప్పడానికొచ్చి, నా మందులున్నాయో లేదో చూసి వెళ్లేవాడు.”

“ఇక ఆ అడ్రసు మారదు బామ్మా. మీ కంప్యూటర్లో ఒకసారి రాసి పెట్టుకుంటే చాలు.”

“నాకు కంప్యూటరెక్కడిదే? ఆయన చెప్పేవాడు, నేను ఊ కొట్టేదాన్ని.”

రలీత్సా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పని లేకుండా ఒకరి గడప తొక్కడానికి మొహమాటపడే మనిషి, తొక్కడం కోసం ఓ పని కల్పించుకున్నాడు. ఆ పని కాస్తా తను ఊడబెరికింది. ఎప్పటికీ మారదా అని అడిగినప్పుడు ఆయన మొహంకేసి చూసి ఉంటే బాగుండేది. చూడలేదు. ఆవేళ కంప్యూటర్ మూసేసి ఎంత సంబరపడిందో తలుచుకుంటే సిగ్గేసింది.

మెట్లెక్కి వెలిచ్కో తలుపు తట్టింది.

“బాబాయ్, నా ఈమెయిల్ నాకు నచ్చడం లేదు. ఏది మంచిదో మీరే చూడాలి. స్టమెనా బామ్మ కూడా ఒకటి తెరుస్తుందట.”

“ఆవిడకి కంప్యూటరే లేదుగా.”

“తెలుసు.”

వెలిచ్కో బూట్లు తొడుక్కున్నాడు. తర్వాత కొక్కేనికున్న కోటు అందుకున్నాడు.

“అయితే ఆవిడదే ఎక్కువ రోజులు పడుతుంది. ముందు అక్కడికే పోదాం పద.”