మొదటి స్నానం కృపానిధిది

మా కృపానిధి ఎవరింట్లో గీజరు బిగించినా, ఆ గీజరు కింద మొదటి స్నానం అతనిదే. ఇంటి యజమాని ఎంత పెద్దమనిషైనా సరే, తువ్వాలు భుజాన వేసుకుని తన వంతు కోసం బయట నిలబడవలసిందే.

బళ్లారి కంటోన్మెంటులో మాది పక్కపక్క ఇళ్లు, ఒకటే చర్చి. ఎలక్ట్రీషియన్ పనికి బయలుదేరేటప్పుడు అతని సంచిలో కటింగ్ ప్లయరు, టెస్టరు, వైరు చుట్టలతోపాటు ఒక తువ్వాలు, ఒక జత ఉతికిన బట్టలు ఉండేవి. సబ్బు మాత్రం తీసుకుపోయేవాడు కాదు, ఆ ఇంటివాళ్లది ఉంటుంది కదా. మా ఇంట్లో గీజరు పెట్టిన రోజు, నేను బెంగళూరు నుంచి ప్రత్యేకంగా తెప్పించుకున్న గంధపు సబ్బు కాగితం విప్పింది అతనే. ఆ సంగతి నేనింకా మరిచిపోలేదు.

అవి గనుల మట్టి బంగారమైన రోజులు. నిన్నటిదాకా జొన్న వేసినవాళ్లు లారీలు కొన్నారు, లారీలు కొన్నవాళ్లు బంగళాలు కట్టారు. బంగళాకు ఎన్ని గదులుంటే అన్ని స్నానాల గదులు, ప్రతి బచ్చలింట్లో ఒక గీజరు. ఊరంతా ఎర్రదుమ్ము కాబట్టి వేన్నీళ్లు లేనిదే ఎవరి అసలు రంగూ బయటపడేది కాదు. పని ఎక్కువున్న రోజుల్లో కృపానిధి పూటకొక స్నానం చేసేవాడు. బళ్లారి జిల్లాలో అంత శుభ్రమైన మనిషి ఇంకొకడు ఉండి ఉండడు.

ఒకసారి గనుల దగ్గరి కూరెకుప్పలో రామసుబ్బమ్మగారి కొత్త బంగళాకు నన్నూ వెంట తీసుకుపోయాడు. లారీల మీద పైకొచ్చిన రైతు కుటుంబం వాళ్లది. ఆమె అత్తగారు తలకు నూనె పెట్టుకుని పీట మీద కూర్చుని ఉంది. పంతులు ముహూర్తం పెట్టి పోయాడు. అంతకుముందు వచ్చిన మేస్త్రీ ఎవరో గీజరును ఫ్యాను లైనుకే తగిలించి పోయాడట, స్విచ్చి వేస్తే ఇల్లంతా చీకటి.

"గీజరంటే ఇంటల్లుడమ్మా," అన్నాడు కృపానిధి. "ఎవరి పక్కనా సర్దుకోని కూచోడు. వేరే లైను, వేరే ఎంసీబీ ఇయ్యాల."

ఇంటి స్విచ్చులన్నిటికీ మూలమైన డీబీ బాక్సు నుంచి లావు వైరు లాగి, కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే ఎంసీబీ స్విచ్చి దానికంటూ ఒకటి పెట్టాడు. ఎర్తింగు వైరు పెరట్లో గుంత దాకా తీసుకుపోయాడు. నీళ్లు కాగాయి. ముసలామె పీట మీద నుంచి లేచింది. కృపానిధి సంచిలోంచి తువ్వాలు తీశాడు.

"ఏమప్పా, యాడికి?" అంది రామసుబ్బమ్మ.

"ఒళ్లంతా గని దుమ్మమ్మా. ఇట్లే బస్సెక్కితే కండక్టరు దింపేస్తాడు."

"పెరట్లో కొళాయి ఉండాది గదా. మొదట మా అత్త పోసుకోవాల. ముహూర్తం ఉండాది."

"ముహూర్తం అవ్వకు గదమ్మా. దుమ్ముకు లేదు."

లోపల గడియ పడింది. కాసేపటికి చర్చి పాట ఒకటి గొంతెత్తి అందుకున్నాడు. నేను తల దించుకుని వైర్ల ముక్కలు ఏరుతూ కూర్చున్నాను. ముహూర్తం ఇంకాస్త మిగిలి ఉండగా అతను బయటికొచ్చి, "ఇంక పోండమ్మా," అన్నాడు. రామసుబ్బమ్మ ముందు లోపల పసుపునీళ్లు చల్లించింది. అతను ఏమీ అనుకోలేదు.

"చల్లుకోండమ్మా. స్విచ్చి మీద మాత్రం పడనీయొద్దు," అని సంచి భుజాన వేసుకున్నాడు.

ఇంత వేన్నీళ్ల పిచ్చివాడి ఇంట్లో గీజరు ఉంది గానీ అట్టపెట్టెలోనే ఉంది. అతని భార్య డెబోరా నర్సు. పెంకులు తీసి మిద్దె వేసుకోవాలని మస్కట్‌లో ఉద్యోగానికి వెళ్లింది. ఇక్కడున్నప్పుడు పొద్దున డ్యూటీకి పోయేముందు నీళ్లు కాచే అండా కింద పొయ్యి ఊదీ ఊదీ కళ్లు ఎర్రగా చేసుకునేది. రైలెక్కేటప్పుడు ఒకటే మాట చెప్పింది.

"నేనొచ్చేతలికి మనింట్లో గీజరు ఉండాల. మొదట నేనే పోసుకోవాల. నువ్వు ముందు దూరినావంటే మళ్లా విమానం ఎక్కుతా."

అతను సరేనన్నాడు. గీజరు కొన్నాడు, లైను లాగాడు, ఎర్తింగు గుంత తవ్వాడు, అక్కడ ఆగిపోయాడు. పెట్టె మీద డెబోరా పాత చీర కప్పి పెట్టాడు. బిగించుకుంటే ఏం పోయిందని అడిగాను.

"బిగిస్తే నేను ఆగలేనన్నా," అన్నాడు.

ఆదివారం ఆరాధన ముగిసే వేళకు ఆమె ఫోను వచ్చేది. ప్రసంగం సాగుతున్నంతసేపూ అతని చెయ్యి జేబులోని సెల్లు మీదే ఉండేది. అక్కడ కొళాయి తిప్పితే ఎండకు కాగిన నీళ్లే వస్తాయని, అయినా ఇంటి వేన్నీళ్లు వేరని ఆమె అనేదట. రెండేళ్లు దాటేసరికి బచ్చలింట్లో అతని పాటలు నెమ్మదించాయి. ఒకరోజు మా రెండిళ్ల నడిమి గోడ దగ్గర నిలబడి అన్నాడు: "అందరిండ్లల్లో వంతుకు నిలబడింటారన్నా, పిల్లోల్లు, ఆడోళ్లు. మా ఇంట్లో తీగ మీద ఒక తువ్వాలే ఆరుతాండాది." అతనికి ఆమె మీద ఎంత బెంగగా ఉందో నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

చివరికి ఒక డిసెంబరు పొద్దున డెబోరా వచ్చింది. పలకరిద్దామని వెళ్లేసరికి కృపానిధి స్టూలెక్కి గీజరు గోడకు బిగిస్తున్నాడు.  ఆమె సబ్బు, తువ్వాలు పట్టుకుని గడప దగ్గరే నిలబడి ఉంది. అతను దిగి డీబీ బాక్సులో ఎంసీబీ పైకెత్తాడు. గీజరు మీద ఎర్రలైటు వెలిగింది. నీళ్లు కాగి అది ఆరేదాకా ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

ఆమె లోపలికి అడుగు పెట్టబోయింది. అంతలో అతను ఆమె చేతిలోని తువ్వాలు లాక్కుని, లోపలికి దూరి గడియ పెట్టుకున్నాడు.

"చూసినావా అన్నా," అంది డెబోరా.  "ఇన్ని దినాలు ఒకటే మాట చెప్పినా. అంతమాత్రం ఆగలేకపోయినాడు."

నాకు ఒళ్లు మండింది. లోపలి నుంచి నీళ్ల చప్పుడు తప్ప పాట కూడా రాలేదు. కాసేపటికి అతను తల కారుతుండగానే బయటికొచ్చాడు.

"ఇంక పో, డెబోరా. ఏమీ కొట్టదు."

"ఏంది కొట్టదు?"

"కరెంటు," అన్నాడు. "టెస్టరు పెట్టి చూసినా, ఎర్తింగు చూసినా. అయినా తడి నేల మీద నిలబడి, ఆ నీళ్లు నెత్తిన పడితే గదా తెలిసేది. కొట్టేదుంటే నన్నే కొట్టనీ."

"అందరిండ్లల్లోనూ ఇంతేనా?"

"మరి? ఆడ కూడా మనుషులే గదా నీళ్లు పోసుకునేది."

 "ఆ మాట చెప్పింటే ఏం పోయేదప్పా?" అన్నాను.

"చెప్తే ఆ కూరెకుప్ప అవ్వ జన్మలో గీజరు కిందికి పోతాదా అన్నా? నాకు నీళ్ల పిచ్చి అనుకున్నారు. భయం లేకుండా పోసుకున్నారు. అంతే సాలు."

"కరెంటు కొట్టినోళ్లు ఎట్లుంటారో వార్డులో చూసినదాన్ని నేను," అంటూ డెబోరా తువ్వాలు లాక్కుని అతని తల తుడవడం మొదలుపెట్టింది. తిడుతూ తుడిచింది. ఆరిపోయిన తలను ఇంకా తుడిచింది. తర్వాత లోపలికి పోయి కొళాయి తిప్పింది.

"ఏంది, నీళ్లు చల్లగుండాయి?"

"నేను పోసుకున్నా గదా. మళ్లా కాగాల."

"ఎంతసేపు?"

ఊళ్లో సగం గీజర్లు బిగించిన మనిషి బాగా ఆలోచించాడు. "చానాసేపు పడతాది," అన్నాడు. "వచ్చి కూచో."

ఆమె వచ్చి గడప మీద అతని పక్కన కూర్చుంది. అదే సైజు గీజరు మా ఇంట్లో కాఫీ దిగేలోపు కాగుతుంది. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను.

"అన్నా, వదిన పిలుస్తాన్నట్లుండాది," అంది డెబోరా.

నేను ఇంటికి వచ్చేశాను.