మాస్టర్ల వర్క్‌షాప్‌లో పిల్లాడి వేషం

ఇవాళ అద్దంకిలో టీచర్లకు వర్క్‌షాప్ మొదలైంది. చదవడం రాని పిల్లలకు ఎలా నేర్పాలో అందులో చెప్తారు. మైకు సెట్టు నాది. పాఠం చెప్పి చూపించడానికి వచ్చిన మేడమ్ గారు, పిల్లాడిలా ఒకరు కూర్చోవాలన్నారు. టీచర్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడో క్లాసు తప్పినవాడిని, నాకేం సిగ్గని వెళ్లి చాప మీద కూర్చున్నాను. అల్లరి చేద్దామనే వెళ్లాను. పలక తలకిందులుగా పట్టుకున్నాను. ఆవిడ విసుక్కోకుండా ఒక్కో అక్షరం కలిపించి పదం చదివించారు. చిన్నప్పుడు నాకెవరూ అలా చెప్పలేదు. వెటకారం మర్చిపోయి బుద్ధిగా చదివాను.

టీ దగ్గర మా ఊరి మాస్టారు కనిపించారు. మా బడికి ఆయనొక్కరే.

"ఇవాళ బడికి తాళమేనా మాస్టారూ?"

"నేనిక్కడుంటే ఎవరు తీస్తారయ్యా? మూడు రోజులు ఇంతే."

"మా పిల్లకి నాలుగో తరగతికొచ్చినా చదవడం రాలేదండి. ఈ పాఠం దానికి చెప్తారా?"

"చెప్పాలనే ఉంది. ఇదయ్యాక ఫోటోలు యాప్‌లో ఎక్కించాలి. ఆ వెంటనే ఇంకో ట్రైనింగు."

ఆయన మొహం చూస్తే ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ పాఠం నేనే మొదలెట్టబోయాను. బడి లేదని పిల్ల వాళ్లమ్మ వెంట మిరపకోతకు వెళ్లొచ్చింది. వేళ్లు మండుతున్నాయని రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చుంది.

"రేపు చదువుతాలే నాన్నా" అంది.

రేపూ కోతే.

మొత్తానికి ఆ వర్క్‌షాప్ వల్ల పాఠం అందిన పిల్లాడిని నేనొక్కడినే, నలభై ఆరేళ్లవాడిని. మీ ఊళ్లో ఇంకెవరైనా ఉన్నారా?