ఐసులో పెట్టిన ప్లేట్‌లెట్లు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, మా బావగారి సంగతి చెబుతాను. కైకలూరులో చేపల వ్యాపారం ఆయనది. ఏ పెట్టె కనబడినా అరచెయ్యి ఆనించి చల్లదనం చూసేవారు.

మా అక్కకు లివరు గట్టిపడిపోయింది. ఆపైన దవడపన్ను చీముపట్టి జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నాయని, అవి ఎక్కించకుండా పన్ను తీస్తే నెత్తురు ఆగదని ఏలూరు డాక్టరుగారు చెప్పారు. బావగారు విజయవాడ బ్లడ్‌బ్యాంకుకు వెళ్లి ఆ సంచులు తెచ్చారు. దూరానికి పంపే చేపల్లాగే, పెట్టెలో సంచుల కింద ఐసు, పైన ఐసు వేసి మరీ తెచ్చారు.

నర్సమ్మ పెట్టె మూత తీసి తల పట్టుకుంది. "ఐసులో పెట్టారేంటండీ? ఇవి చల్లబడితే పనికిరావు. బయటే ఉంచి మెల్లగా ఊపుతుండాలి."

"అక్కడ చెప్పారమ్మా. ఎండ చూసి నాకే మనసొప్పలేదు," అన్నారాయన.

అక్క దవడ పట్టుకునే, "ఏవండీ, నన్నూ ఐసులో పెట్టేస్తారేంటి?" అంది. ఆయన నవ్వలేదు.

వెంటనే మళ్లీ వెళ్లారు. ఈసారి సంచుల్ని ఒళ్లో పెట్టుకుని, బస్సులో దారిపొడవునా పసిబిడ్డను ఊపినట్టు ఊపుతూ వచ్చారు. పన్ను తీశారు, నెత్తురు ఆగింది. మూడోరోజుకల్లా అక్కకు ముక్కు వెంట నెత్తురు కారింది.

"ఎక్కించినవి నిలవవండీ. లివరు చెడి వాచిన ప్లీహం వాటిని పట్టేసుకుంటుంది," అన్నారు డాక్టరుగారు.

"అయితే మళ్లీ తెస్తానండీ."

"ఎన్నిసార్లని తెస్తారండీ?"

బావగారు చెప్పులేసుకుని బస్టాండు వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయారు.

మీ ఇంటిల్లిపాదికీ నిండు ఆరోగ్యం ఉండాలమ్మా. మీలో ఎవరికీ ఆ బస్సెక్కే అవసరం రాకూడదు.